ద్వితీయహస్త కుక్కుటావాసం

అచ్చియ్యమ్మ కొన్న కోళ్ళ గూడు కొత్తది కాదు. ఆమె చేసిన తప్పల్లా అదే. కొత్తది కొనుంటే ఈ కథకి పనే లేదు.

వెదురుపాలెం కిందటేడు దాకా పంచాయతీ. ఆ తరవాత ఒక శుభముహూర్తాన నగర పంచాయతీ అయింది. కాలవలు అవే, దోమలు అవే, ఒంగిన కరెంటు స్తంభాలు ఒంగినట్టే ఉన్నాయి గాని ఆఫీసు మాత్రం పెరిగింది. పదిమంది ఉద్యోగులొచ్చారు. వాళ్ళకి పది కుర్చీలొచ్చాయి. ఊరికే కూర్చుంటే బాగోదు కాబట్టి ఒక్కో కుర్చీకి ఒక్కో నియమావళి వచ్చింది.

అచ్చియ్యమ్మకి ఇవేవీ తెలియవు. యాభై దాటిన మనిషి. అయిదో తరగతి దాకా చదువుకుంది. పొద్దున్నే స్నానం చేసి, తులసమ్మకి దీపం పెట్టి, ఆ తరవాతే పొయ్యి ముట్టించడం ఆమె అలవాటు. భర్త దొరబాబు ఆటో నడుపుతాడు. ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఆమెకి దేవుడి తరవాత అంత ఇష్టమైనవి కోళ్ళే.

కిందటేడు ఆమె పెట్ట పదకొండు పిల్లల్ని లేపింది. రాత్రిళ్ళు వంటింట్లో గంప కింద మూసిపెడితే, ముంగిస నీళ్ళ తూములోంచి దూరి, గంప పక్కకి నెట్టి, వారం రోజుల్లో తొమ్మిదింటిని ఎత్తుకుపోయింది. అచ్చియ్యమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. "కాపాడలేనిదాన్ని పొదిగించడం నాదే పాపం" అని దేవుడి ముందు లెంపలు వేసుకుంది. ఇనప వల, గడియ ఉన్న గూడు వచ్చేదాకా మళ్ళీ పొదుగు పెట్టనని మొక్కుకుంది.

ఈ ఏడు ఆ గూడు దొరికింది. పక్క వీధి సుబ్బారాయుడు కోళ్ళు మానేసి, గాజుతొట్టెలో రంగు చేపలు పెంచుతున్నాడు. అతని పాత గూడు టేకు చట్రంది. దిట్టమైన వల, ఇత్తడి గడియ. దొరబాబు దాన్ని ఆటో మీద కట్టి తెచ్చాడు. అచ్చియ్యమ్మ ఆ గురువారమే మంచి ఘడియ చూసి, వంటింట్లో గంపలో బూడిదరంగు పెట్ట కింద పదకొండు గుడ్లు పెట్టింది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా గంపలో ఒక ఇనప మేకు, ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ ఉంచింది. ఇరవై ఒక్క రోజులకి పిల్లలు లేస్తాయి. ఆ లోపల గూడు శుభ్రం చెయ్యాలి.

శుభ్రం చెయ్యడమంటే ఆమె మాటవరసకి చెయ్యదు. అడుగున వేలిమందం ఎండిపోయిన రెట్టని పాత అట్లకాడతో గీకింది. గీకినదంతా పెరట్లో బెండపాదుల్లో పోసింది. కోడిపేలు మూలల్లోనే దాక్కుంటాయి కాబట్టి సలసల మరిగే నీళ్ళు మూలమూలకీ పోసింది. సోడా నీళ్ళతో రుద్దింది, బ్లీచింగు చల్లింది, మూడుసార్లు కడిగింది, వేపాకు కాచిన పసుపు నీళ్ళతో తుడిచింది. రెండ్రోజులు ఎండలో పెట్టి, సున్నం కొట్టి, ఆఖర్న సాంబ్రాణి పొగ వేసింది. అంతా అయ్యాక తలుపు తీసి, తల లోపలికి పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది.

"వాసన లేదు" అంది తృప్తిగా.

"నాకూ ఓ చాప పరిచెయ్యవే. మన ఇల్లు ఇంత శుభ్రంగా ఎప్పుడు కడిగేవు?" అన్నాడు దొరబాబు అరుగు మీంచి.

"మీరు చుట్టపీకలు ఎక్కడబడితే అక్కడ పారెయ్యడం మానండి. ఇల్లూ ఇలాగే ఉంటాది."

పెట్ట పొదుగు కూర్చున్న ఏడో రోజున నగర పంచాయతీ అటెండరు సింహాద్రి సైకిలు మీద వచ్చాడు. సింహాద్రిది అదే వీధి, చిన్నప్పట్నించీ అచ్చియ్యమ్మని అక్కా అనే పిలుస్తాడు. కాని ఆ వేళ అక్కా అనకుండా, జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా! ద్వితీయహస్త కుక్కుటావాస నిర్మలీకరణ నియమావళి ప్రకారం..."

"ఎవర్రా వాళ్ళు?"

"ఎవరూ కాదక్కా. సెకండ్‌హ్యాండ్ కోళ్ళ గూడుని కాగితం మీద అలా అంటారు."

కాగితంలో నాలుగు ముక్కలున్నాయి. ఒకటి, వాడిన గూటిలో పక్షుల్ని పెట్టే ముందు అది నిర్మలీకరింపబడినట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. రెండు, ధ్రువపత్రం లేని చోట ఉన్న పక్షుల్ని ఆఫీసువారు స్వాధీనం చేసుకుంటారు. మూడు, ఒక గూటి మాలిన్యాన్ని మరో గూటికి తరలించకూడదు. నాలుగు, ధ్రువపత్రం ఉన్న చోట ఒకసారి ప్రవేశించిన పక్షుల్ని రోగాలు వ్యాపించకుండా నలభై అయిదు రోజులు ఎవరూ కదిలించకూడదు.

"స్వాధీనం చేసుకుంటే ఎక్కడ పెడతార్రా?"

"ఆఫీసు వెనక షెడ్డులోనక్కా."

"దానికి తలుపుందా?"

"లేదు."

"మరి ముంగిసలు?"

"ముంగిసలకి ఇంకా రూల్సు రాలేదక్కా" అని సింహాద్రి వంటింట్లోకి వచ్చి గంపలోకి తొంగి చూశాడు. పెట్ట అతని వేలు పొడిచింది. అతను వేలు చప్పరిస్తూనే పుస్తకంలో రాసుకున్నాడు. పక్షులు ఒకటి. జనించబోవు పక్షులు పదకొండు.

మర్నాడు అచ్చియ్యమ్మ ఉతికిన చీర కట్టుకుని, నుదుట కుంకం దిద్దుకుని ఆఫీసుకి వెళ్ళింది. నిర్మలీకరణాధికారి పేరు మార్తాండరావు. మనిషి చెడ్డవాడు కాడు. నియమావళిని ఆయనే రాశాడు. తను రాసినదాన్ని తనే రోజుకోసారి చదువుకుని, ఎంత బాగా రాశానో అనుకునేవాడు. ఆయన తల వెనక గోడకి అద్దం బిగించిన పటం ఒకటి వేలాడుతోంది. దేవుడి పటమేమో అనుకుని అచ్చియ్యమ్మ చేతులు జోడించింది. తీరా కూడబలుక్కుని చదివితే అది ధ్రువపత్రం.

"ధ్రువపత్రం సంఖ్య ఒకటి. ఆవాసం: అధికారి వారి గది. నిర్మలీకరణ శాతం: తొంభై ఏడు. పక్షుల నివాసమునకు సర్వవిధములా యోగ్యము."

"ఇదేటండీ బాబూ?"

"నియమావళి ప్రారంభోత్సవం నాటికి ఒక ధ్రువపత్రమైనా జారీ కావాలని పై నుంచి ఉత్తర్వు. ఊళ్ళో ఒక్కరూ దరఖాస్తు చేయలేదు. అందుచేత నేనే ముందుకు వచ్చి, నా గది దుమ్ము తూయించి, ఊడ్పించి, మళ్ళీ తూయించి, నా సంతకంతో నేనే తీసుకున్నాను. అధికారి ఆదర్శంగా ఉండాలి కదా! ఫారం మాత్రం ఒక్క రకమే అచ్చు వేయించాం" అన్నాడాయన నిండుగా. "సరే, నీ కుక్కుటావాసపు పూర్వ మాలిన్యం ఎంత?"

"అంటే?"

"శుభ్రం చేయక ముందు ఎంత మురికి ఉంది, గ్రాముల్లో."

"తూచలేదండి. గీకి పారేసేను. ఇప్పుడు ఏటీ లేదు. తల లోపలికెట్టి వాసన కూడా చూసేను."

"ఘ్రాణేంద్రియం నియమావళిలో లేదు. తూకం ఉంది. ముందు మాలిన్యం ఎంత, తరువాత ఎంత, తగ్గింది ఎంత, ఆ తగ్గుదల మొదటిదాంట్లో ఎన్నో వంతు. అదే నిర్మలీకరణ శాతం. తొంభైకి తగ్గరాదు. నీ విషయంలో ముందూ సున్నా, తరువాతా సున్నా. సున్నాని సున్నాతో భాగించడం కంప్యూటర్ ఒప్పుకోదు. గణితశాస్త్రమే ఒప్పుకోదు. నేనెంతటివాణ్ణి?"

"తెలీక అడుగుతాను బాబూ, శుభ్రంగా ఉంటే శుభ్రంగా లేనట్టాండి?"

"శుభ్రంగా ఉండడం వేరు, శుభ్రపడడం వేరు. మేము ధ్రువీకరించేది రెండోదాన్ని. మురికిలోంచి రాని శుభ్రతకి ఆధారం ఏముంది?"

అచ్చియ్యమ్మ ఆలోచనలో పడింది. దేవుడి గది రోజూ కడుగుతుంది. ఏ రోజూ దేవుడు, నిన్న ఎంత దుమ్ముందే అని అడగలేదు. అయినా దేవుడు చదువుకున్నాడో లేదో, అధికారి మాత్రం చదువుకున్నవాడు.

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారండి?"

మార్తాండరావు కళ్ళు మూసుకుని, తెరిచి, ఒక్క మాట అన్నాడు.

"పునర్మలినీకరణ!"

గుమ్మం దగ్గరున్న సింహాద్రి మెల్లగా అందించాడు. "మళ్ళీ మురికి చెయ్యాలక్కా."

ఆమె ఇంటికి వచ్చి, కళ్ళనీళ్ళు కుక్కుకుని, బక్కెట్టు తీసుకుని ఎదురింటి వాళ్ళ కోళ్ళ దొడ్డికి బయల్దేరింది. దారిలోనే సింహాద్రి అడ్డం పడ్డాడు.

"ఆగక్కా! మూడో ముక్క మర్చిపోయేవా? ఒకళ్ళ మురికి ఇంకొకళ్ళ గూట్లో వెయ్యకూడదు. నీ గూటి మురికే నీ గూటికి రావాలి. సారుతో మాట్లాడొచ్చేను. దాన్ని మూల మాలిన్యం అంటారంట. ఎక్కడ పోసేవు?"

"బెండపాదుల్లో. ఈపాటికి సగం బెండకాయల్లోకి ఎక్కేసి ఉంటాది."

"బెండకాయలు తినెయ్యకక్కా. లెక్కలోకి వస్తాయేమో కనుక్కుంటాను."

లెక్కలోకి రాలేదు గాని పాదులు వచ్చాయి. పొదుగుకి పదకొండో రోజున మార్తాండరావు ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు, వెంట ఇద్దరు కూలీలు, ఒక తూకం మిషను, ఒక తాపీ మేస్త్రీతో దిగాడు. కాపు మీదున్న బెండమొక్కలు పదహారు పీకించాడు. వేళ్ళ దగ్గరి మట్టిని అచ్చియ్యమ్మ పిండి జల్లెడతోనే జల్లించాడు. ఆమె ఆ జల్లెడని ఆనక మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు. మట్టి పోను, మూల మాలిన్యం కిలో నాలుగువందల గ్రాములు తేలింది.

దాన్ని మళ్ళీ గూట్లో పోస్తే చాలదట. పూర్వం ఎలా ఉందో అలా ఉండాలట. అందుకు సాక్షిగా, గూడు అమ్మిన సుబ్బారాయుణ్ణి పిలిపించారు. ఆయన నలుగురూ చూస్తున్నారని పంచె సర్దుకుని, గూడు ముందు గొంతుక్కూర్చుని, మేస్త్రీకి సూచనలిచ్చాడు.

"ఈ మూల కాస్త దట్టంగా ఉండేదండి. మా పుంజు అటే కూర్చునేది. ఆయ్, ఇంకొంచెం. ఆ కర్ర మీద ఓ పక్కకి జారినట్టుండాలండి."

"జారినట్టు వెయ్యడం కష్టవండి. నేను నునుపు చెయ్యడం నేర్చుకున్నోణ్ణి" అన్నాడు మేస్త్రీ.

"ప్రయత్నించు" అన్నాడు మార్తాండరావు. "ఇది ప్రభుత్వ కార్యం."

అచ్చియ్యమ్మ పక్కనే నిలబడి తను కొట్టిన సున్నం మీద రెట్ట పూస్తుంటే చూసింది. కడిగినప్పుడు మూడు రోజులు పట్టింది. పూసేటప్పుడు ఒక పూట చాలింది.

"ఇప్పుడు కడిగేసుకోనాండి?" అంది పని కాగానే, అట్లకాడ చేతిలో పట్టుకుని.

"తొందరపడకు. మాలిన్యం స్థిరపడాలి. ఏడు రోజులు పరిశీలన. ఆ తరువాత మా సమక్షంలో కడిగితే, మిగిలినది తూచి, శాతం తీసి, చేతికి పత్రం ఇస్తాను."

ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. పదకొండూ ఏడూ పద్దెనిమిది. పిల్లలు లేచేది ఇరవై ఒకటికి. నడుం విరిగినా సరే, రెండ్రోజుల్లో కడిగి ఆరబెట్టగలదు. "వెంకన్నా, ఎండ మాత్రం కాయించు తండ్రీ" అని మొక్కుకుంది.

వెంకన్న ఎండ బాగానే కాయించాడు. పద్దెనిమిదో రోజు పొద్దున్న ఆమె పెద్ద డేగిసాలో నీళ్ళు మరిగిస్తుంటే వీధిలో సన్నాయి వినపడింది. చూస్తే మార్తాండరావు ముందు, ఆయన వెనక నగర పంచాయతీ ఛైర్‌పర్సన్ గారు, ఆమె వెనక షామియానా మోస్తున్న కూలీలు. సింహాద్రి చేతిలో పూలదండ.

"కడిగేదానికి సన్నాయెందుకురా?" అంది అచ్చియ్యమ్మ.

"ఇంక కడగడం లేదక్కా" అన్నాడు సింహాద్రి, తల దించుకుని.

మార్తాండరావు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! నేటి వరకు ఈ పట్టణంలో మురికి ఉంది. కాని ధ్రువీకరించబడిన మురికి లేదు! తూచి, జల్లించి, సాక్షి సమక్షంలో యథాస్థానంలో ప్రతిష్ఠించి, ఏడు దినాలు పరిశీలించిన మాలిన్యం జిల్లా మొత్తంలో ఇదొక్కటే. ఇకపై ఏ గూడు ఎంత మురికిగా ఉన్నదీ దీనితో పోల్చి చెప్పవచ్చు. కావున దీనిని ప్రామాణిక మలిన కుక్కుటావాసంగా ప్రకటించడమైనది!"

చప్పట్లు మోగాయి. ఛైర్‌పర్సన్ గారు రిబ్బను కత్తిరించి, గూట్లోకి చూడబోయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చాలా బాగుంది" అన్నారు.

అచ్చియ్యమ్మ జనంలోంచి ముందుకొచ్చింది.

"తెలీక అడుగుతాను బాబూ, మరి నేనెప్పుడు కడుక్కోనండి?"

"కడగడమా?" మార్తాండరావు నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "ప్రమాణాన్ని కడిగేస్తే ఇక ప్రమాణం ఏది తల్లీ?"

ఆమెకి దండ వేసి, శాలువా కప్పారు. గూటిని ట్రాక్టరు మీదకెక్కించి, ఆఫీసు వరండాలో, అధికారి వారి గది కిటికీ పక్కన పెట్టారు. దాని మీద బోర్డు రాయించారు. 'దీనిని ఊడ్చుట, తుడుచుట, కడుగుట శిక్షార్హము.'

డేగిసాలో నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. దొరబాబు ఆటోలోంచి దిగి, ఖాళీ పెరడూ, పెళ్ళాం భుజం మీది శాలువా మార్చి మార్చి చూశాడు.

"పోన్లేవే. ముంగిస వచ్చినప్పుడు దానికి కప్పు."

అచ్చియ్యమ్మ శాలువా మడిచి దండెం మీద పడేసి, డేగిసా కింద మంట ఆర్పింది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో చారు కాస్తుంటే తూము దగ్గర అలికిడయింది. ముంగిస. వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, గంప వైపు చూసి, ముక్కు ఎగబీల్చి, చుట్టం ఇల్లు చూసుకుని వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ తూముకి ఇటుక అడ్డం పెట్టింది. కిందటేడూ ఇటుక పెట్టింది. గంపలోంచి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. ఎవరో చిన్నవాళ్ళు తలుపు కొడుతున్నట్టు.

ఆమె దేవుడి ముందు చతికిలబడింది.

"స్వామీ, నువ్వే చెప్పు. నేను కడిగేను. కడిగినందుకు తప్పన్నారు. మురికి పూసేరు. పూసినందుకు శాలువా కప్పేరు. నాకేటీ తెలీడం లేదు. ఆ పిల్లలకి మాత్రం రేపు తలుపున్న చోటు కావాలి."

దేవుడు ఎప్పట్లాగే పటంలోంచి చిన్నగా నవ్వుతున్నాడు. ఆమె ఆ పటం వైపు చాలాసేపు చూసింది. చూడగా చూడగా ఆమెకి ఇంకో పటం గుర్తొచ్చింది.

మర్నాడు పదిన్నరకి మార్తాండరావు ఆఫీసుకి వచ్చేసరికి ఆయన గదిలో దొరబాబు ఆటోలో వచ్చిన గంప ఒకటి బల్ల కింద ఉంది. గంప పక్కన చిన్న మూకుట్లో నూకలు, గిన్నెలో నీళ్ళు. అచ్చియ్యమ్మ గోడవారగా నిలబడి ఉంది.

"ఏమిటిది?"

"కోడిపెట్టండి. పొదుగు మీదుంది. మెల్లిగా మాట్లాడండి బాబూ, బెదురుతాది."

"ఇది అధికారి గది!"

"ఆయ్. అదే రాసుందండి, ఆ పటంలో. ఊళ్ళో పత్రం ఉన్న చోటు ఇదొక్కటే కదండి. తొంభై ఏడు శాతం. పక్షుల నివాసానికి సర్వవిధాలా యోగ్యం. అడుగున మీ సంతకం."

మార్తాండరావు వెనక్కి తిరిగి పటం చదివాడు. ఒకసారి కళ్ళజోడుతోనూ, ఒకసారి తీసేసీ చదివాడు. సంతకం ఆయనదే.

"సింహాద్రీ! దీన్ని తక్షణం బయటకు..."

"నాలుగో ముక్కండి" అన్నాడు సింహాద్రి, చేతులు కట్టుకుని. "ప్రవేశించిన పక్షుల్ని నలభై అయిదు రోజులు ఎవరూ కదిలించకూడదండి. మీరే రాసేరండి."

అంతలో బల్ల కింద పెట్ట గర్వంగా కొక్కొక్కుమంది. దాని రెక్కల్లోంచి తడితడిగా, పసుపుపచ్చగా ఒక చిన్న తల బయటికొచ్చి, అధికారి వారి బూటు వైపు చూసింది. తన నియమావళిలో పక్షి అనే మాట మూడువందల సార్లు రాసిన మార్తాండరావు, గుడ్డులోంచి పక్షి రావడం చూడడం అదే మొదలు. ఆయన పిల్లకి తగలకుండా బూటు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. పొద్దుగూకేసరికి పది పిల్లలు లేచాయి. ఒక్క గుడ్డు మాత్రం మురిగింది.

ఆ సాయంత్రమే అధికారి వారి కుర్చీ, బల్ల వరండాలోకి మారాయి. వరండాలో ఖాళీ ఉన్నది ఒక్కచోటే, ప్రామాణిక మలిన కుక్కుటావాసం పక్కన.

గదికి తలుపుంది, కిటికీకి వల ఉంది, తూము లేదు. అచ్చియ్యమ్మ రోజూ పొద్దున్నే దీపం పెట్టుకుని, నూకలు పట్టుకుని ఆఫీసుకి వచ్చేది. పిల్లలు ఫైళ్ళ మీదెక్కి ఆడుకునేవి. వరండాలో మార్తాండరావు మొదటి రోజు అగరొత్తులు వెలిగించాడు. రెండో రోజు కుర్చీ అటు తిప్పుకున్నాడు. నాలుగో రోజు చేతిరుమాలుకి సెంటు రాసుకుని ముక్కుకి కట్టుకున్నాడు. దరఖాస్తుల కోసం వచ్చినవాళ్ళు దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. ఎనిమిదో రోజున ఆయన కాలరు మీంచి కోడిపేను ఒకటి పాకుతుంటే సింహాద్రి చూసి, ఎలా చెప్పాలో తెలియక, "సార్, మీ మీద ఒక పక్షి సంబంధిత జీవి" అన్నాడు.

పదో రోజు తెల్లారగట్ట, ఇంకా అటెండర్లు రాకముందే అచ్చియ్యమ్మ నూకల డబ్బాతో వచ్చింది. వరండాలో ఏదో గరగర చప్పుడు. స్తంభం పక్కనించి చూస్తే, మార్తాండరావు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బనీనుతో, గొంతుక్కూర్చుని గూడు గీకుతున్నాడు. చేతిలో ఇంట్లోంచి తెచ్చుకున్న అట్లకాడ. పక్కన ఆవిర్లు కక్కుతున్న బక్కెట్టు. శిక్షార్హమన్న బోర్డు తిరగబడి గోడకి ఆనించి ఉంది.

ఆయన ఆమెని చూశాడు. అట్లకాడ వెనక్కి దాచుకోబోయాడు గాని అది దాగే వస్తువు కాదు.

అచ్చియ్యమ్మ నవ్వలేదు. నూకల డబ్బా పక్కన పెట్టి, కొంగు బొడ్లో దోపుకుంది.

"మూలల్లో పొయ్యండి బాబూ వేణ్ణీళ్ళు. పేలు అక్కడే ఉంటాయి. ఆయ్, ఆ సందులోకి. ఇంకొంచెం."

ఇద్దరూ కలిసి కడిగారు. ఆమె ఇంటికెళ్ళి వేపాకు నీళ్ళు కాచి తెచ్చింది. సూర్యుడు వరండాలోకి వచ్చేసరికి టేకు చట్రం మెరుస్తోంది. మార్తాండరావు నడుం పట్టుకుని లేచి, తలుపు తీసి, అటూ ఇటూ చూసి, తల గూట్లోకి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"వాసన లేదమ్మా" అన్నాడు, లోపలి నుంచే.

"శాతం ఎంతొచ్చిందండి?"

ఆయన తల బయటికి తీశాడు. ఫారం తెచ్చుకుని రాశాడు. పూర్వ మాలిన్యం కిలో నాలుగువందల గ్రాములు, ప్రస్తుతం సున్నా. "నూటికి నూరు!" అన్నాడు, తను రాసిన నియమావళి ఎట్టకేలకు ఒక్క చోట పనిచేసినందుకు మొహం వెలిగిపోగా. తరవాతి గడి దగ్గర కలం ఆగింది. 'నిర్మలీకరించిన వారి పేరు.' ఆయన తిరగబడి ఉన్న బోర్డు వైపు చూశాడు. అచ్చియ్యమ్మ వైపు చూశాడు. ఆమె పేరు రాస్తే ఆమెకి శిక్ష. తన పేరు రాస్తే తనకి. చాలాసేపు ఆలోచించి, వంకర లేని అక్షరాలతో రాశాడు.

'వర్షము.'

"మరి పిల్లల్ని ఇందులోకి మార్చచ్చాండి? నలభై అయిదు రోజులన్నారు."

"కదిలించరాదు అన్నది మనుషులకి. వాటంతట అవి నడిచి వెడితే నియమావళికి అభ్యంతరం లేదు" అన్నాడు మార్తాండరావు. అని, గది తలుపు బార్లా తీసి, ఆమె డబ్బాలోంచి తనే గుప్పెడు నూకలు తీసి, గుమ్మం నుంచి గూటి దాకా వరసగా చల్లాడు. పెట్ట ముందు, పది పిల్లలు వెనక, ఒక్కొక్కటే ఏరుకుంటూ గూట్లోకి నడిచాయి. ఆయన గడియ వేసి, అది పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

ఆ మధ్యాహ్నం గూడు పక్షులతో సహా ఆటో మీద ఇంటికి వచ్చింది. కదిలింది గూడే గాని పక్షులు కావు కాబట్టి నాలుగో ముక్క మీరినట్టు కాదట. దొరబాబు ధ్రువపత్రం సంఖ్య రెండు చేతిలోకి తీసుకుని, కూడబలుక్కుని చదివి, తల ఎత్తి మబ్బు తునకయినా లేని ఆకాశం వంక చూశాడు.

"మన ఊళ్ళో వానెప్పుడు పడిందే?"

"ఆఫీసు వరండాలో పడింది లెండి" అంది అచ్చియ్యమ్మ, గూటి ముందు ముగ్గు వేస్తూ. "పొద్దున్నే వచ్చి, పడి, వెళ్ళిపోయింది. పాపం, నడుం పట్టేసింది దానికి."